పాట పక్షం మారిన వైనం: నల్లగొండ, పాలమూరు సీమల్లో నేరం, పోలీసు, జనవాక్యం

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతమైన నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో దొంగ ఎవరు, దొర ఎవరు, పోలీసు ఎవరి పక్షాన నిలబడ్డాడు అన్న ప్రశ్నలకు జనం తరతరాలుగా పాటలోనే జవాబు వెతుక్కున్నారు. ఠాణాలో రాసుకున్న నేరం ఒకటి, ఊళ్లో పాడుకున్న నేరం మరొకటి కావడం ఇక్కడ చాలాకాలం పాటు మామూలు సంగతి. గత పదేళ్లలో స్మార్ట్‌ఫోన్, వాట్సాప్, యూట్యూబ్ ఈ రెండు కథనాలనూ ఒకే తెరమీదికి తెచ్చాయి. ఆ క్రమంలో పాట ఎవరి తరఫున పలుకుతున్నదన్న విషయంలోనే పెద్ద మార్పు వచ్చింది. పోలీసుల చేతికి చిక్కకుండా తిరిగినవాడిని కీర్తించిన వాయిద్యమే నూరేళ్లు దాటాక పోలీసును కీర్తించింది. ఇది ఉన్నట్టుండి జరిగిన మార్పు కాదు గనుక, దాన్ని నిజాం కాలపు పల్లె నుంచి చూసుకుంటూ రావలసి ఉంటుంది.

నిజాం రాజ్యంలో 1860ల నాటి సాలార్‌జంగ్ సంస్కరణలతో జిల్లాలు, తాలూకాలు, పోలీసు శాఖ ఒక రూపానికి వచ్చినా, పల్లెలో పోలీసు అంటే పోలీసు పటేలే. గ్రామపాలనలో మాలీ పటేలు శిస్తు వసూలు చూసేవాడు, పట్వారీ లెక్కలు రాసేవాడు, పోలీసు పటేలు ఊళ్లో జరిగే దొంగతనాలు, కొట్లాటలు, అనుమానాస్పద మరణాలు, కొత్తగా వచ్చిన మనుషుల రాకపోకల సమాచారాన్ని ఠాణాకు చేరవేసేవాడు. ఈ పదవులు వంశపారంపర్యంగా దేశముఖులు, పెద్ద భూస్వాముల ఇళ్లలోనే ఉండిపోవడం వల్ల ఫిర్యాదు చేసేవాడు, భూమి ఉన్నవాడు, అప్పు ఇచ్చినవాడు తరచుగా ఒకే మనిషి, లేదా ఒకే ఇంటి మనుషులు. ఠాణా అధికారి అయిన అమీను ఊరికి వస్తే దిగేది గడీలో, అంటే దొర నివసించే కోటలాంటి భవంతిలో. కూలి ఇవ్వకుండా చేయించుకునే నిర్బంధ చాకిరిని వెట్టి అనేవారు; అమీను గుర్రానికి గడ్డి, బసకు కోళ్లు, కట్టెలు, నీళ్లు సమకూర్చడం కూడా ఆ వెట్టిలో భాగమే. దోచుకున్నవాడి ఇంట్లో భోంచేసి, దోపిడీ గురించి విచారణ జరిపే వ్యవస్థలో, పోలీసు కాగితం మీద నేరస్థుడైనవాడు ఊరి కళ్లకు అలా కనిపించకపోవడం సహజం.

అలాంటివారిలో పాలమూరు సీమ ఎక్కువగా పాడుకున్న పేరు పండుగ సాయన్నది. 19వ శతాబ్దపు చివరి భాగంలో నేటి నవాబుపేట మండలం మెరుగోనిపల్లి పరిసరాల్లో తిరిగిన ఈ ముదిరాజు వీరుడు దొరలనూ షావుకార్లనూ కొల్లగొట్టి పేదలకు పంచాడనీ, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు జరిపించాడనీ, చివరికి పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడనీ కథ చెబుతుంది. 1876–78 నాటి ధాత కరువును చూసిన తరం మొదటగా విన్న కథ ఇదని గుర్తుంచుకుంటే, దోచినదాన్ని పంచిపెట్టడం ఆ కథకు నడిబొడ్డు ఎందుకైందో తెలుస్తుంది. రాజ్యం దృష్టిలో దొంగ అయినా రైతుకూలీల దృష్టిలో న్యాయం చేసేవాడుగా నిలిచిన మనిషిని బ్రిటిష్ చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ ‘సామాజిక బందిపోటు’ అన్నాడు. 1959లోనూ 1969లోనూ వెలువడిన ఆయన పుస్తకాల్లో ఈ భావన విస్తరించింది. పాటలోని బందిపోటునే నిజమైన బందిపోటుగా పొరపడరాదని, చాలామంది బందిపోట్లు భూస్వాముల అండతోనే బతికారని డచ్ మానవశాస్త్రవేత్త ఆంటన్ బ్లాక్ 1972లో దీన్ని ఖండించాడు. ఆ అభ్యంతరం సరైనదే. అయితే సాయన్న నిజంగా ఎన్ని ఇళ్లు కొల్లగొట్టాడు, ఎంత పంచాడు అన్నది తేల్చలేకపోయినా, ఆయన్ను చంపిన అధికారుల పేర్లు మరిచిపోయిన జనం ఆయన పేరును మాత్రం నాలుగైదు తరాలు నిలుపుకున్నారన్నది కాదనలేని చారిత్రక వాస్తవం, దానికి అర్థం ఉంది.

ఆ కథను ఇంటింటికీ చేర్చిన వాయిద్యాల్లో ముఖ్యమైనది కిన్నెర. మాదిగలను ఆశ్రయించి వారి కులపురాణం చెప్పి బతికే డక్కలివారి చేతి వాయిద్యం అది. వెదురు దండి, దానికింద వేలాడే ఎండిన సొరబుర్రలు, దండిమీద తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు, వాటిమీదుగా సాగే తీగ దాని నిర్మాణం. మెట్లంటే వేలు ఆనించి స్వరం పలికించే స్థానాలు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. పండుగ సాయన్న, మియాసాబ్, ఎండబెట్ల ఫకీరయ్య గౌడు వంటి స్థానిక వీరుల కథలు ఆయనకు పెద్దలనుంచి వచ్చిన ఆస్తి. పాటగాడు ఇంటిముందు నిలబడి కాసేపు తీగ మీటుతాడు, నాలుగు చరణాలు పాడతాడు, నడుమ మాటల్లోకి దిగి కథ చెబుతాడు, విన్నవాళ్లకు తెలిసిన గుట్ట పేరో, వాగు పేరో తగిలిస్తాడు, గింజలు తీసుకుని పక్కింటికి నడుస్తాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. ఆ పాటగాడు వచ్చే ఏడు మళ్లీ అదే ఊరికి, అదే గడపకు రావలసినవాడు. చెప్పినది అబద్ధమని ఊరు తేలిస్తే అడిగేందుకు మనిషి ఉన్నాడు, నిలదీసేందుకు ముఖం ఉంది. వినేవాళ్లలో సాయన్న వల్ల నష్టపోయిన ఇంటివాళ్ల వారసులూ ఉంటారు. అందుకే ఆ కథ చాలా ఏళ్లమీద, చాలా గడపల ముందు, సర్దుకుంటూ తయారైంది. దానిలో వీరుడి చావు ఒక్కటే కాక, పుట్టుకనుంచి చావుదాకా మొత్తం ఉంటుంది.

పాటకు అందని మనుషులూ ఉన్నారు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని సంచార సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. నిజాం రాజ్యంలోనూ అదే తీరు నిబంధనలు అమలయ్యాయి. వేటతో బతికిన పార్థీలు, బుట్టలల్లి ఉప్పు మోసిన ఎరుకలవారు, ఎద్దులమీద సరుకు మోసే రవాణా దెబ్బతిన్న తర్వాత స్థిరపడ్డ లంబాడీలు ఠాణాలో హాజరు వేయించుకుంటూ బతకవలసి వచ్చింది. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర రద్దయింది. రద్దయిన ముద్ర పోలీసుల అలవాటులోనూ, ఊరివాళ్ల భయంలోనూ ఎంత లోతుగా మిగిలిపోయిందో 66 ఏళ్ల తర్వాత ఇదే సీమలో బయటపడింది.

పాట ప్రభుత్వానికి ప్రమాదకరమైన వస్తువుగా మారింది 1940లలో. అంతకుముందే 1929లో నిజాం ప్రభుత్వం ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు తెచ్చి, ముందస్తు అనుమతి లేకుండా సభలు జరపరాదని కట్టడి చేసింది. మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926 నుంచి నడిపిన గోలకొండ పత్రిక వంటివి అక్షరం వచ్చినవారికి చేరేవి. అక్షరం రాని అధిక సంఖ్యాకులకు చేరేది పాటే. ఆంధ్రమహాసభ పల్లెల్లో ‘సంఘం’ పేరుతో పాతుకుపోయిన రోజుల్లో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు అనే కళారూపాన్ని, అంటే గొల్లలు వేషం కట్టి ప్రశ్నలు జవాబులుగా చెప్పుకునే కథనాన్ని, వెట్టికీ దొరల దౌర్జన్యానికీ వ్యతిరేకంగా మలిచాడు. కరపత్రం దొరికితే జప్తు చేయవచ్చు, అచ్చుయంత్రం దొరికితే తాళం వేయవచ్చు. నాలుకమీద ఉన్నదాన్ని సోదా చేయడం ఏ అమీనువల్లా కాలేదు. బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ ఆ విధంగానే ఊరూరూ తిరిగింది. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. దొరకు ఎదురుతిరిగి ఊరేగింపు తీసినవారు ప్రభుత్వ దృష్టిలో అల్లరి మూక, సంఘం పాటలో కొమరయ్య తొలి అమరుడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసిన తర్వాత కూడా ఈ రెండు కథనాలు కలవలేదు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించే వరకు పల్లె కంటికి ఠాణా ఠాణాగానే మిగిలింది.

దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతున యాదగిరి పాట మళ్లీ వినిపించినప్పుడు పాట ప్రయాణించే సాధనం మారింది. 1972లో ఏర్పడిన విప్లవ సాంస్కృతిక సంస్థ జననాట్యమండలి పాటలు 1980లలో క్యాసెట్ మీదికి ఎక్కాయి. క్యాసెట్ చవక, జేబులో పడుతుంది, ఇద్దరి టేప్ రికార్డర్లు కలిస్తే ఒక రాత్రిలో పది నకళ్లు తయారవుతాయి. పాడినవాడు ఊరికి రానక్కర లేదు. పాటనుంచి పాటగాడి శరీరం మొదటిసారి వేరుపడింది ఇక్కడే. 1992లో నక్సలైట్ పార్టీ అయిన పీపుల్స్ వార్ పైనా, దాని అనుబంధ సంఘాలపైనా ప్రభుత్వం నిషేధం విధించిన తర్వాత, సోదాల్లో క్యాసెట్ దొరకడమే యువకుడిని ఠాణాకు తీసుకుపోవడానికి సరిపోయిన కారణమైంది. మరోవైపు పోలీసు శాఖ కూడా పాట విలువను గుర్తించి కళాజాతలను నడిపింది. కళాజాత అంటే డప్పు, గజ్జెలు, గొంగడితో ఊరూరా తిరిగి పాటలతో నాటికలతో ప్రచారం చేసే బృందం. ఉద్యమం నడిచిన బాటలోనే, అదే బాణీలో, ఎదురుగా పోలీసు పాట నడవడం నల్లగొండ పల్లెలకు కొత్త అనుభవం.

ఈ కాలపు కథలో చదువరి ఆగవలసిన చోటు భువనగిరి. స్పిన్నింగ్ మిల్లులో కార్మికురాలిగా పనిచేసి, తెలంగాణ కళాసమితి వేదికల మీద ప్రత్యేక రాష్ట్రం కోసం పాడిన బెల్లి లలిత 1999 మే నెలలో హత్యకు గురైంది. ఆమె శరీరాన్ని ముక్కలు చేసి వేర్వేరు చోట్ల పడవేశారు. ఆమె వయసు అప్పటికి పాతికేళ్లు. నక్సలైట్ ఉద్యమంనుంచి బయటికి వచ్చి నేరసామ్రాజ్యం నిర్మించుకున్న భువనగిరి వాసి నయీముద్దీన్ (నయీం) ముఠాపై ఈ హత్య ఆరోపణ ఉంది. 2001లో నల్లగొండలో పౌరహక్కుల నాయకుడు ఆజం అలీ కూడా హత్యకు గురయ్యాడు. ఇలాంటి ముఠాలకు పోలీసుల్లో కొందరి అండ ఉన్నదని హక్కుల సంఘాలు ఏళ్లతరబడి ఆరోపించాయి. జనం పాడుకునే పాటలో హంతకుడు, పోలీసు పక్కపక్కనే నిలబడడానికి ఈ ఆరోపణలే ఆధారం. లలిత పేరు తెలంగాణ ఉద్యమ సభల్లో, ధూంధాంలలో, అంటే ఆటపాటలతో సాగిన ఉద్యమ ప్రదర్శనల్లో, పదిహేనేళ్లపాటు వినబడుతూనే ఉంది. ఒక గాయనిని చంపినవారు ఆమె పాటను ఆపలేకపోయారు. ఆమెను చంపినవారికి చట్టప్రకారం శిక్ష పడేలా చూడవలసిన వ్యవస్థ మాత్రం ఆ పని చేయలేదన్నది ఇక్కడ రాసి తీరవలసిన మాట.

2016 ఆగస్టు 8న, అప్పటికి ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్ శివారులో, నయీం పోలీసు కాల్పుల్లో మరణించాడు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది; భూముల సెటిల్‌మెంట్ల బాధితులు ఠాణాల ముందు బారులు తీరారు. దానికి సమాంతరంగా ఫోన్లలో నయీం కథలు మొదలయ్యాయి: ఇంట్లో దొరికిన డబ్బు గురించి, వేషాల గురించి, పెద్దల పేర్లున్న జాబితాల గురించి. రాంగోపాల్ వర్మ అతని జీవితం మీద సినిమా తీస్తానని ట్విటర్‌లోనే ప్రకటించాడు. 2017లో ‘ఖయ్యూం భాయ్’, 2021లో ‘నయీం డైరీస్’ వచ్చాయి. రెండో సినిమాలో బెల్లి లలిత పాత్రను చూపిన తీరుకు ఆమె కుటుంబం అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. సాయన్న కథలో వీరుడు చనిపోయాక చాలా ఏళ్లు పట్టిన పని, ఇప్పుడు శవపరీక్ష పూర్తయ్యేలోగా మొదలైంది. అంతకన్నా బాధాకరం, ముఠానాయకుడు కథానాయకుడై అతని బాధితురాలు కథలో ఒక ఘట్టంగా కుదించుకుపోవడం.

నయీం మరణించిన నెల తిరగకముందే, 2016 సెప్టెంబరు 5న, జియో సేవలు మొదలై మొబైల్ డేటా ధర పడిపోయింది. అదే ఏడాది అక్టోబరులో పాత జిల్లాలు విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వంటి కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. పాలమూరు సీమకు ఫోను కేవలం వినోదం కాదు. ముంబై, పుణె, హైదరాబాద్ నిర్మాణ పనులకు ఏటా వలసపోయే కుటుంబాలున్న ఈ ప్రాంతంలో ముసలివాళ్లు, పిల్లలు ఊళ్లో మిగులుతారు, సంపాదించేవాళ్లు దూరాన ఉంటారు. వాళ్లను కలిపేది వాట్సాప్. పిల్లలను ఊళ్లో వదిలి వెళ్లిన తల్లికి పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతున్నదన్న మాట అందితే ఆమె నిజానిజాలు తేల్చుకునేదాకా ఆగదు, వెంటనే ఇంటికి, చుట్టాలకు పంపుతుంది. 2018 వేసవిలో వదంతి ఇంత వేగంగా పాకడానికి భయమొక్కటే కారణం కాదు, ప్రేమ కూడా కారణమే.

ఆ వేసవిలో తెలంగాణ అంతటా తిరిగిన వాయిస్ సందేశాలు, వీడియోలు పార్థీ ముఠా, బీహార్ ముఠా, పిల్లల అవయవాలు తీసుకునేవాళ్లు, మెదడు తినేవాళ్లు అంటూ సాగాయి. నేరస్థ తెగ అన్న పాత ముద్ర కొత్త సాధనం మీద బతికొచ్చింది. ఈ సీమలో పార్థీలను చూసినవారు అరుదు, పేరు వింటే భయపడినవారు అనేకం. దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచారచిత్రం: మోటార్‌సైకిల్ మీద వచ్చినవారు పిల్లవాణ్ని ఎత్తుకుపోయి, వెంటనే తిరిగి తెచ్చి హెచ్చరిక ఫలకం చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని కత్తిరించి మిగిలినదాన్ని నిజమైన అపహరణగా పంచారు. కిన్నెర కథకు, ఈ వీడియోకు ఉన్న తేడా ఇక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: దీనికి ముగింపు లేదు, చెప్పినవాడి ముఖం లేదు, నిలదీసే గడప లేదు. 1990ల ప్రాంతంలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న వదంతి కూడా ఇవే పల్లెల్లో తిరిగింది గాని, దాని విరుగుడు ఎవరి తలుపు మీద వారు రాసుకోవడంతో సరిపోయింది. 2018 మే నెలలో మాత్రం మనుషులు చనిపోయారు. బీబీనగర్ మండలంలో ఒక ఆటోడ్రైవర్‌ను అనుమానంతో కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో రంజాన్ నెలలో యాచనకు వచ్చిన హిజ్రాల బృందంపై గుంపు దాడి చేయగా, అందులో పాలమూరు ప్రాంతంనుంచి వచ్చిన ఒకరు మరణించారు.

జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఈ ప్రమాదాన్ని మరణాలకు ముందే పసిగట్టడం యాదృచ్ఛికం కాదు. ఊరికొక కానిస్టేబుల్‌ను కేటాయించి, అతడు ఆ ఊళ్లోనే తిరుగుతూ మనుషుల పేర్లు తెలుసుకోవాలన్న పద్ధతిని ఆమె అప్పటికే అమలు చేస్తున్నది. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని అలాంటి ఒక కానిస్టేబుల్ గమనించి చెప్పడంతో విచారణ మొదలైంది. ఫోన్లు తీసి చూస్తే వీడియోలు కనిపించాయి. 1980ల మధ్యలో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక ఊరికీ ఠాణాకూ నడుమ మిగిలిపోయిన ఖాళీలో, దొర కాని మనిషి ఒకడు మొదటిసారి నిలబడ్డాడని చెప్పవచ్చు. నాలుగువందలకు పైగా గ్రామాల్లో పోలీసులు డప్పుతో ఇల్లిల్లూ తిరిగారు, దండోరా వేశారు, వదంతుల మీద జానపద బాణీల్లో పాటలు కట్టి పాడారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తమ నంబరు చేర్పించి, అనుమానం వస్తే తమకే పంపమన్నారు. ఆమె పరిధిలోని ఊళ్లలో ఆ వదంతులకు ఒక్క ప్రాణం కూడా పోలేదు.

డప్పు చప్పుడుకు వదంతి పారిపోయిందని అనుకుంటే పొరపాటు. పాట పాడిన కానిస్టేబుల్ మరుసటి వారం మళ్లీ అదే వీధికి వచ్చాడు. నిన్నటి ఫోను సందేశం గురించి ముసలమ్మ అడిగితే నిలబడి జవాబు చెప్పాడు. పాత పాటగాడికి ఉండిన జవాబుదారీతనం మాటకు తిరిగి వచ్చింది, అదీ పోలీసు యూనిఫాంలో. అణచివేత కోసం కాక ప్రాణం కాపాడేందుకు పోలీసు పాట పాడిన సందర్భంగా ఈ సీమ చరిత్రలో దానికి గౌరవనీయమైన స్థానం ఉంది. ఆ ఏడాది జూలైలో సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి అధికారిని బాధ్యుడిగా నియమించాలని ఆదేశించింది, వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఐదుగురికి మించి ఒకేసారి పంపకుండా పరిమితి పెట్టింది. రెమా రాజేశ్వరి తర్వాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోనూ ఎస్పీగా పనిచేసింది.

అయితే అదే సంవత్సరం సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడిని, గర్భవతి అయిన భార్య కళ్లముందే, ఆమె తండ్రి పురమాయించిన హంతకుడు నరికి చంపాడు. సీసీ కెమెరా దృశ్యం ఫోన్లలో తిరిగింది. హతుడికి న్యాయం కోరిన గొంతులతోపాటు, తండ్రి ప్రేమ పేరుతో హత్యను సమర్థించిన ఫేస్‌బుక్ పేజీలూ పుట్టాయి. 2020లో రాంగోపాల్ వర్మ ఈ ఘటన మీద సినిమా ప్రకటించి, తండ్రి ఆవేదనను ముందుకు తెచ్చిన ఒక పాటను యూట్యూబ్‌లో విడుదల చేశాడు. హతుడి భార్య కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. నేరం చేయించినవాడికి పాట దక్కడం ఈ సీమకు కొత్తేమీ కాదని ఎవరైనా వాదించవచ్చు. కాని సాయన్న పాట బలవంతుడి మీద బలహీనుడి పక్షాన పుట్టింది, ఇది బలహీనుణ్ని చంపించిన బలవంతుడి కన్నీటి కోసం పుట్టింది. రెండింటినీ ఒకే గాట కట్టడానికి వీల్లేదు. 2025 మార్చిలో నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది.

పాట, పోలీసు, జనం అనే మూడింటి స్థానాలు తారుమారైన రోజు 2019 డిసెంబరు 6. ఆ ఏడాది నవంబరు 27న శంషాబాద్ వద్ద ఒక పశువైద్యురాలిపై అత్యాచారం జరిపి చంపి, శవాన్ని షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వంతెన కింద కాల్చివేశారు. చట్టం ఆమె పేరు చెప్పనివ్వదు గనుక ‘దిశ’ అన్న పేరు స్థిరపడింది. నిందితులు నలుగురూ పాత మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ ప్రాంతంలోని జక్లేర్, గుడిగండ్ల గ్రామాలవారు, లారీ పనిమీద బతికిన పేదయింటి కుర్రాళ్లు. వారం రోజులపాటు ఫోన్లలో పెల్లుబికిన ఆగ్రహం ఒక్కటే మాట అడిగింది: వెంటనే చంపండి. డిసెంబరు 6 తెల్లవారుజామున నిందితులను ఆధారాల సేకరణ కోసం అదే చోటికి తీసుకుపోగా, ఆయుధాలు లాక్కుని దాడి చేయడంతో ఎదురుకాల్పుల్లో నలుగురూ చనిపోయారని పోలీసులు ప్రకటించారు. నయీం చనిపోయిన ఊరి శివారుకు ఇది దూరం కాదు. పొద్దెక్కేసరికి వంతెనమీద చేరిన జనం కింద ఉన్న పోలీసుల మీద పూలు చల్లారు, జిందాబాద్ కొట్టారు, కొందరు స్త్రీలు రాఖీలు కట్టారు. ఎన్‌కౌంటర్ అనే మాట వింటే నల్లగొండ పల్లెల్లో పాతికేళ్ల కిందట ఎవరి ఇంటి పిల్లవాడో అని గుండె జారేది. అదే మాటకు ఇప్పుడు మిఠాయిలు పంచారు.

ఒక యువతికి జరిగిన ఘోరాన్ని తలచుకుని మండిపోయిన జనాన్ని తప్పుబట్టడం తేలిక, న్యాయం కాదు. ఆడపిల్ల కనపడటం లేదని ఆ రాత్రి ఠాణాకు వెళ్లిన కుటుంబానికి పరిధి మాది కాదన్న జవాబు రావడం ఆ కోపానికి మొదటి కారణం. విచిత్రమేమిటంటే, ఠాణా నిర్లక్ష్యం మీద మొదలైన కోపం పది రోజుల్లో ఠాణాకు పూలదండగా మారింది. సోషల్ మీడియా ఇక్కడ చేసిన పని కోపాన్ని పుట్టించడం కాదు. దానికి గడువు పెట్టడం, చల్లారకముందే తీర్పు కావాలని పట్టుబట్టించడం.

రెండేళ్ల తర్వాత, 2021 సెప్టెంబరు 2న, పవన్ కల్యాణ్ పుట్టినరోజు సందర్భంగా ‘భీమ్లా నాయక్’ సినిమా పాట యూట్యూబ్‌లో విడుదలైంది. అందులో మొదట వినిపించేది దర్శనం మొగులయ్య కిన్నెర, ఆయన గొంతు. నల్లమల ప్రాంతపు తండాలో పుట్టిన బిడ్డగా, తల్లిదండ్రుల, తాతముత్తాతల పేర్లతో వంశం చెప్పి వీరుణ్ని పరిచయం చేసే ఆ పద్ధతి అచ్చంగా సాయన్న కథ చెప్పే పద్ధతి. కాని ఈ వీరుడు సబ్ ఇన్‌స్పెక్టర్. ఆ తర్వాత వచ్చే చరణాలు అతడు నేరస్థులను చితకబాదే తీరును పొగుడుతాయి. హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక ఐపీఎస్ అధికారి ఆ సాహిత్యాన్ని ట్విటర్‌లో బహిరంగంగా తప్పుబట్టి, తెలంగాణ పోలీసులు ప్రజలతో స్నేహంగా ఉంటారని, కాపాడవలసినవారి ఎముకలు విరగ్గొట్టరని రాశాడు; అభిమానులు ఆయనమీద విరుచుకుపడ్డారు. పోలీసు అధికారి పోలీసు హింసను వద్దంటుంటే, జనం కావాలంటూ పోట్లాడిన ఈ దృశ్యం, గస్తీ నిషాన్ కాలంలో పాటలు కట్టినవారు ఊహించలేనిది. మొగులయ్యను మాత్రం ఈ విషయంలో నిందించడానికి లేదు. తరతరాలుగా గింజలకు పాడిన మనిషికి ఆ పాట లక్షల మంది శ్రోతలను, 2022లో పద్మశ్రీని తెచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తున్న వీడియో అదే ఫోన్లలో తిరిగింది. శ్రోతల సంఖ్య పెరగడం, కళాకారుడికి బతుకు దొరకడం వేర్వేరు విషయాలని ఆ వీడియో చూపింది.

చటాన్‌పల్లి కాల్పులపై విచారణకు సుప్రీంకోర్టు 2019 డిసెంబరు 12న మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పుర్కర్ నాయకత్వంలో కమిషన్ వేసింది. 2022 మే 20న బయటికి వచ్చిన ఆ నివేదిక, నిందితులు ఆయుధాలు లాక్కున్నారన్న కథనం నమ్మదగినది కాదని, వారిని చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చి, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. మూకదాడి ఎలా ఆమోదయోగ్యం కాదో తక్షణ న్యాయమన్న ఆలోచన కూడా అలాగే ఆమోదయోగ్యం కాదని అందులో రాశారు. గద్వాల ఊళ్లలో డప్పు కొట్టి ఆపిన దాన్నీ, చటాన్‌పల్లిలో పూలు చల్లి మెచ్చుకున్న దాన్నీ ఒకే వాక్యంలో పక్కపక్కన నిలిపిన తొలి అధికారిక పత్రం బహుశా అదే. సుప్రీంకోర్టు ఆ నివేదికను తదుపరి చర్యల కోసం తెలంగాణ హైకోర్టుకు పంపింది. అక్కడ పోలీసు అధికారులు దాన్ని సవాలు చేశారు.